తాత ఇంటి కొమ్ములు: దుప్పికీ కణితికీ పుట్టిన పిల్లవేనా?

పోస్టు పొడుగే ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మా తాతది గోదావరి అవతల, జన్నారం దిక్కు ఒక గూడెం. బాపు బొగ్గు పనికని గోదావరిఖని వచ్చిండు, ఓపెన్‌కాస్టుల కాంట్రాక్టు కార్మికుడు. నేను ఇక్కడే హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

చిన్నప్పుడు సెలవులకు పోతే తాత ఇంట్ల నిట్టాడికి ఒక కొమ్ముల జత వేలాడుతుండె. కుడి కొమ్ము చుక్కల దుప్పిదే, అనుమానం లేదు. సన్నగా, నున్నగా, పొడుగ్గా వంపు తిరిగి ఉండేది. ఎడమది మాత్రం పొట్టిగా, లావుగా, చెట్టు బెరడు లెక్క గరుకుగా, మొదట్ల రెండు అదనపు కొసలతోటి. అచ్చం కణితి కొమ్మే. "ఇది దుప్పికి, కణితికి పుట్టిన పిల్లరా" అని తాత చెప్పేటోడు. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు, వాళ్ల నాయనతోటి వేటకు పోయినప్పటిదట.

పోయిన ఏడాది జువాలజీ క్లాసుల సంకర జాతుల పాఠం వచ్చింది. నేను లేచి ఈ ముచ్చట చెప్పిన. క్లాసంతా నవ్విన్రు. సారు కూడా నవ్వి, "అవి అడవి కథలు, కూర్చో" అన్నడు. ఆ రోజు సిగ్గయింది. తర్వాత ఆలోచిస్తే కోపం వచ్చింది. ఎందుకంటే ఇదే కథ తెల్లదొర చెప్తే అచ్చు వేసిన్రు కదా!

నిజంగనే వేసిన్రు. 1883లో బొంబాయిలో నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టిన్రు, మూడేండ్లకు దాని పత్రిక మొదలైంది. దొరలు, అటవీ అధికారులు, సైన్యం వాళ్లు తాము కొట్టిన కణితికో దుప్పికో కొమ్ములు వంకరగా ఉంటే, కొసలు ఎక్కువుంటే, బొమ్మ గీసి ఆ పత్రికకు రాసేటోళ్లు. 1892లో లండన్‌ల రోలండ్ వార్డ్ అనే ఆయన లోకంల ఉన్న పెద్ద కొమ్ముల కొలతలన్నీ కలిపి పుస్తకమే తెచ్చిండు. ఏ కొమ్ము ఎన్ని అంగుళాలు, ఎవరు కొట్టిన్రు అన్నీ అందుల ఉంటయి. ప్రాణహిత అవతలి సెంట్రల్ ప్రావిన్సెస్‌ల పనిచేసిన డన్‌బార్ బ్రాండర్ అనే అటవీ అధికారి 1923లో అక్కడి జంతువుల మీద పుస్తకం రాసిండు, ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తరు.

మరి ఆ జంతువు జాడ పట్టింది ఎవరు? హాకా కొట్టి దాన్ని తుపాకి ముందుకు తోలింది ఎవరు? గోండులు, కోయలు, నాయకపోళ్లు, కొలాములు. కొలతల పట్టీల కొట్టినోని పేరుంటది, చూపెట్టినోని పేరు ఉండదు. 1940లో జోడేఘాట్‌ల కొమరం భీం అమరుడైన తర్వాత హైమెన్‌డార్ఫ్ మన దిక్కు వచ్చి, మర్లవాయిల ఉండి, 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద పుస్తకం తెచ్చిండు. పెర్సా పేన్ గురించి, దండారి గురించి అంత వివరంగా రాసినాయన ఉన్నడు కాబట్టి అవన్నా కాయితం ఎక్కినయి. అడవి జంతువుల గురించి మనోళ్లకు తెలిసింది మాత్రం మనోళ్ల నోట్లనే ఉండిపోయింది.

ఇంకో తేడా కూడా ఉంది. దొరకు కొమ్ము అంటే గోడకు కొట్టుకునే గొప్ప. మనకు అది దేవుని కాడి వస్తువు. దండారిల గుస్సాడీల నెమలి ఈకల టోపీకి కొమ్ములు కట్టుడు చూసినోళ్లకు నేను చెప్పనక్కర లేదు.

సరే, అసలు ప్రశ్నకు వస్త. తాత చెప్పింది నిజమా?

చదివినంతల నాకు అర్థమైంది ఇది. మేక కొమ్ము, దుప్పి కొమ్ము రెండింటినీ మనం కొమ్మనే అంటం గని రెండూ వేరే. మేకది పుట్టినకాడి నుంచి పెరుగుతనే ఉంటది. దుప్పిది ఎముక. రాలిపోయి మళ్ల మొలుస్తది, మొలిచేటప్పుడు మీద మెత్తని నూగు తోలు, లోపల రక్తం. రాలిన కొమ్ములను ముళ్లపంది కొరికిన గుర్తులు అడవిల తిరిగినోళ్లకు ఎరికే. దుప్పికి, కణితికి ఇద్దరికీ మామూలుగా ఒక్కో కొమ్ముకు మూడు కొసలే. కింద కండ్ల మీదికి ఒకటి, పైన చీలి రెండు. లెక్క ఒకటే కాబట్టి దుప్పి కొమ్ము కొంచెం లావై పొట్టిగైతే కణితి పోలిక వచ్చేస్తది. దుప్పి కొమ్ము మొదట్ల చిన్న చిన్న అదనపు కొసలు రావుడు కూడా మామూలే.

కానీ రెండూ కలిసి పిల్లను కనుడు చాలా కష్టం. పోతు కణితి రెండు క్వింటాళ్లు దాటుతది, దుప్పి పోతు ఒక క్వింటాలుకు లోపే. కణితి ఎక్కువగా చలికాలంల జత కడతది, దుప్పి ఎక్కువగా ఎండకాలంల. దుప్పి కణాల్ల క్రోమోజోములు 66, కణితికి 58. (మన అడవిల మొరిగే జింకకైతే ఆడదానికి 6, మగదానికి 7 మాత్రమే! 1970లో ఇది బయటపడితే లోకమంతా ఆశ్చర్యపోయిందట.)

అట్లని వేటగాళ్ల కన్ను ఉత్తదేం కాదు. 1893లో స్కాట్లండ్‌ల కారడేల్ అనే చోటికి జపాన్ సికా జింకలను తెచ్చిన్రు. అవి తప్పించుకొని అక్కడి ఎర్ర జింకలతోటి కలిసినయి. సికాకు రెండు కొమ్ములు కలిపి మామూలుగా ఎనిమిది కొసలు. అంతకు ఎక్కువ కొసలున్న సికా కనిపిస్తే అక్కడి వేటగాళ్లు కలిసిన జాతని అనుమానించేది. జన్యు పరీక్షలు చేస్తే కలిసింది నిజమే అని తేలింది, పైకి స్వచ్ఛంగా కనిపించేవాటిల కూడా కలుపు దొరికింది. ఇంకోటి మనకు మరీ దగ్గరిది. ఆస్ట్రేలియా విక్టోరియాల పాడా అనే చిన్న జింకలు ఉన్నయి, అవి ఆసియా నుంచి తోలుకపోయినవే. 2019లో వాటి జన్యువులు చూస్తే మన చుక్కల దుప్పి రక్తం కలిసి ఉంది. పాడాకు 68, దుప్పికి 66, దగ్గరి చుట్టాలు. మనుషులు తెచ్చి ఒక్కకాడ వదిలిన్రు, అవి కలిసినయి.

మరి తాత ఇంటి కొమ్ములల్ల రెండు దిక్కులు రెండు తీర్లు ఎందుకున్నయి? సంకరమైతే రెండు దిక్కులా పోలిక రావాలె. ఒక్క దిక్కే చెడిందంటే దెబ్బ అయి ఉండాలె. కొమ్ము మొలిచే కుదురుకు దెబ్బ తగిలితే అదనపు కొసలు వస్తయి, నూగు తోలు మీద ఉన్నప్పుడు తగిలినా వంకర పోతది. చదువుతుంటే ఇంకో కారణం దొరికింది, నాకు నమ్మబుద్ధి కాలే. వెనక కాలు విరిగితే దానికి ఎదురు దిక్కు కొమ్ము చెడుతదట. కుడి కాలైతే ఎడమ కొమ్ము.

కొమ్ములు ఇప్పుడు లేవు. ఇంట్ల ఉంటే కేసైతదని ఊర్ల మాట లేచినప్పుడు తాత వాటిని రాత్రిపూట వాగుల పడేసిండు. ఇప్పుడు చూద్దామంటే చేతికి ఏం లేదు.

మొన్న ఆదివారం తాతకు ఫోన్ చేసిన. కాళ్ల సంగతి ఏం చెప్పలే. "తాతా, ఆ దుప్పి జాడ ఎట్ల పట్టిన్రు?" అని మాత్రమే అడిగిన.

"పట్టుడేందిరా, గుడ్డోడు కూడా పడతడు. ఇసుకల మూడు డెక్కలే దిగినయి, నాలుగోది గీత గీసుకుంట పోయింది" అన్నడు.

"ఏ కాలు?"

కొంచెంసేపు ఆలోచించిండు. "వెనకది. కుడిది."