ఇసుకలో అంకెలు, నోటిలో ఎక్కాలు

తాండవ నది ఒడ్డునున్న తునిలోనూ, గోదావరి సీమలోని ఇతర ఊళ్లలోనూ పిల్లల తొలి లెక్కలు వీధిబడిలోనే మొదలయ్యేవి. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ఆదేశించిన విచారణలో రాజమండ్రి జిల్లాకు 291 బడులు నమోదయ్యాయి. అయిదో ఏట బడికి వెళ్లిన పిల్లవాడు ఇసుకలో వేలితో అంకెలు దిద్దేవాడు. తర్వాత పలక, ఆపైన ఎక్కాలు. ఒకడు చెబితే మిగతావాళ్లు గొంతు కలిపేవారు.

అసలు కష్టం ఎక్కాల తర్వాత వచ్చే భిన్నాలు, కొలతలతోనే. వీసమంటే పదహారో వంతు. దానిపైన పావు, అర, ముప్పావు. అప్పట్లో రూపాయికి పదహారణాలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి నోటికి రానిదే సంతలో బేరం సాగేది కాదు. ఈ చదువును వట్టి బట్టీ అని తీసిపారేయడం అన్యాయం; సగాలు, రెట్టింపులు ఇంట్లోని కొలపాత్రల్లో పిల్లల కళ్లెదుటే ఉండేవి. బడి ముఖం చూడని ఆడపిల్లలు సైతం వామనగుంటల పీట మీద, పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచుతూ లెక్క నేర్చారు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు, ఆ వెనుకే మెట్రిక్ కొలతలు రావడంతో వీసాల లెక్క బడినుంచి క్రమంగా తప్పుకుంది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం కింద అంగన్‌వాడీలు విస్తరించాక, ఆరేళ్లలోపు పిల్లలకు ఆటవస్తువులు లెక్కపెట్టడం, పెద్దాచిన్నా పోల్చడం తొలి పాఠాలయ్యాయి.