అద్భుతకథకు పురస్కారము

అద్భుతకథలు పొందిన సన్మానముల చరిత్ర ఆంధ్ర శాతవాహనుల పేర ఒక తిరస్కారముతో ఆరంభమగుచున్నది. రాజాస్థానమున శర్వవర్మతో పందెమోడిన గుణాఢ్యుడు సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటిని విడిచి, వింధ్యాటవి చేరి, పైశాచీభాషలో 7 లక్షల శ్లోకముల బృహత్కథను రచించెననియు, అడవిలో సిరా దొరకక నెత్తుటితో వ్రాసెననియు 11వ శతాబ్దపు సోమదేవుని కథాసరిత్సాగరము చెప్పుచున్నది. పిశాచభాష యనియు, నెత్తుటి వ్రాత యనియు రాజు దాని నీసడించెను.

మనసు విరిగిన కవి కొండపై అగ్నికుండ మేర్పఱచి, ఒక్కొక్క పత్రమును చదివి మంటలో వేయుచుండెను. మృగములు మేత మఱచి, కన్నీరు కార్చుచు వినినవి. మేత లేని మృగముల మాంసము సారహీనమై రాజునకు జబ్బు చేసెను. కారణ మారసి రాజు వచ్చునప్పటికి 6 లక్షల శ్లోకములు బూడిదయయ్యెను. శిష్యులకు ప్రీతిపాత్రమైన నరవాహనదత్తుని కథ, లక్ష శ్లోకములు, మాత్రము మిగిలెను. ఆ పైశాచీ మూలమును నేడు లభింపదు, అనువాదములే దిక్కు.

ఇది ఐతిహ్యమే కావచ్చును. అయినను ఇందొక నీతి కలదు. రాజు తీర్పు తప్పెను. శ్రోతల తీర్పు నిలిచెను.

తరువాతి కాలమున కృతిభర్త యాదరణమే కవికి బహుమానమయ్యెను. 16వ శతాబ్దమున పింగళి సూరన స్వకపోలకల్పితమైన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకితమిచ్చెను.

శ్రోతల తీర్పునకే పట్టము గట్టిన పద్ధతి అమెరికాలో వెలసినది. 1926లో అమేజింగ్ స్టోరీస్ పత్రికను స్థాపించిన హ్యూగో గెర్న్స్‌బాక్ పేర హ్యూగో పురస్కారము 1953లో ఫిలడెల్ఫియా నగరమున ఆరంభమై, 1955లో చిన్నకథకును లభించెను. విజ్ఞానకల్పనా సాహిత్య మహాసభ సభ్యులైన పాఠకుల వోట్లే అందు ప్రమాణము. 1966లో రచయితల సంఘము నెబ్యులా పురస్కారమును నెలకొల్పెను. ఆ యేడు హార్లన్ ఎల్లిసన్ కథ యొకటి రెండింటిని గెలుచుకొనెను.

అద్భుతకథ కాకున్నను, పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొంది, తెలుగుకథ సముద్రములు దాటగలదని చాటెను.

అనంతపురము వంటి కరవుసీమలోని పల్లె గ్రంథాలయమునకు బిరుదము లిచ్చు స్తోమత లేదు. కాని దానికి పుస్తకముల యరువు పద్దు కలదు. పలు చేతులు మాఱి అట్టలూడిన కథల పుస్తకమునకు ఆ పద్దులోని వరుసలే పురస్కారము. కాలిపోయిన 6 లక్షలకై వగచుటకంటె, మిగిలిన లక్షను కాచుట మేలు. గ్రంథాలయ ధర్మ మదియే.