చిన్న టిప్పరు

చిన్న టిప్పరు: సేద్యపు భూములయందు పెంట, మట్టి, ఇసుక, కంకర మొదలగువానిని మోసికొనిపోయి, తొట్టిని వెనుకకు వంచి కుమ్మరించు వాహనము. ఇంజనుచే నడుపబడు పంపు చమురును ఒత్తిడితో సిలిండరులోనికి పంపగా, అందలి కడ్డీ వెలికివచ్చి తొట్టి ముందుభాగమును పైకెత్తును. వాలు హెచ్చి, సరుకును పట్టియుంచు రాపిడిని మించినంతనే అది వెనుకతలుపుగుండ జారిపడును. తడిసిన బంకమట్టి తొట్టికంటుకొని ఆలస్యముగ జారును. ట్రాక్టరునకు తగిలించు టిప్పింగు ట్రాలీయు, ట్రాక్టరు హైడ్రాలిక్ శక్తిచే, ఈ సూత్రముననే పనిచేయును.

తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకముక్రింద చెరువుల పూడిక తీయబడగా, సారవంతమైన ఆ ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టరు ట్రాలీలలోను టిప్పర్లలోను తమ చేలకు తోలుకొనిరి. పూర్వము ఎడ్లబండ్లు నిర్వహించిన కార్యమిదియే.

ఎగుడుదిగుడు నేలపై తొట్టిని లేపినచో గురుత్వకేంద్రము పైకిపోయి బండి పక్కకొరుగు ప్రమాదము గలదు. కావున చదునైన తావున, విద్యుత్తీగెలకు దూరముగ నిలిపి సరుకు దింపవలయును. లేపిన తొట్టిక్రింద మరమ్మతు చేయునపుడు ఊతకడ్డీ తప్పనిసరి.