ఓపియాయిడ్ నొప్పి మందుల దుర్వినియోగం

ఆపరేషన్లు, పెద్ద గాయాలు, కాన్సర్ వంటివి తెచ్చే తీవ్రమైన నొప్పికి వైద్యులు ఓపియాయిడ్ మందులు రాస్తారు. చెప్పినదానికన్నా ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం, లేదా మత్తు కోసం వాటిని వాడడం, ఇతరులకు రాసిన మందు వేసుకోవడం దుర్వినియోగం కిందికి వస్తాయి. మార్ఫిన్, కోడీన్ నల్లమందులో సహజంగా ఉంటాయి. ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్‌లను నల్లమందులోని పదార్థాలను మార్చి తయారు చేస్తారు. ఫెంటనిల్, ట్రమడాల్, టాపెంటడాల్ పూర్తిగా కృత్రిమమైనవి. ఇళ్ళలో సాధారణంగా ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఈ తరగతికి చెందవు.

శరీరంపై ప్రభావం

మెదడు, వెన్నుపాము, పేగుల్లో ఉండే మ్యూ గ్రాహకాలకు ఈ మందులు అతుక్కుంటాయి. అప్పుడు నొప్పి సంకేతాలు బలహీనపడతాయి. మెదడులో డోపమిన్ పెరిగి హాయి కలుగుతుంది. ఊపిరిని నడిపించే మెదడు కాండంలోనూ ఇవే గ్రాహకాలు ఉండడంతో శ్వాస నెమ్మదిస్తుంది. పేగుల కదలిక తగ్గి మలబద్ధకం వస్తుంది. నొప్పి తగ్గించే చర్యనూ ప్రాణం తీయగల చర్యనూ పూర్తిగా విడదీయడం అందుకే కష్టం.

వాడేకొద్దీ పాత మోతాదు చాలదు. హాయికి శరీరం అలవాటు పడినంత త్వరగా శ్వాసకేంద్రం అలవాటు పడదు. మోతాదు పెంచుతూ పోయేవారికి మత్తుకూ మరణానికీ మధ్య ఎడం తగ్గిపోవడానికి ఇదే కారణం.

ఆధారపడడం, వ్యసనం

శరీరం మందుపై ఆధారపడడం, వ్యసనం ఒకటి కావు. కొన్ని వారాలు క్రమంగా మందు వాడితే, వైద్యుడు చెప్పినట్టే వేసుకున్నవారి శరీరం కూడా దానిపై ఆధారపడవచ్చు. ఉన్నట్టుండి ఆపితే ఆవలింతలు, కళ్ళూ ముక్కూ కారడం, ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి మొదలవుతాయి. నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, రోజంతా మందు సంపాదించే ఆలోచనతోనే గడవడం వ్యసనం. దీర్ఘకాలం వాడినవారికి మందును ఒక్కసారిగా ఆపకూడదని, కొద్దికొద్దిగా తగ్గించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో వైద్యులను హెచ్చరించింది.

అధిక మోతాదు

సూదిమొనలా కుంచించుకుపోయిన కంటిపాపలు, స్పృహ లేకపోవడం, నెమ్మదించిన లేదా ఆగిన శ్వాస అధిక మోతాదుకు ప్రధాన లక్షణాలు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. మద్యం, లేదా ఆల్ప్రజోలం, డయాజెపామ్ వంటి మత్తు మందులు తోడైతే ముప్పు చాలా పెరుగుతుంది. అవి కూడా శ్వాసను మందగింపజేస్తాయి. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం కలిపి కల్తీ చేయడం చాలాకాలంగా ఉన్న సమస్య. అలాంటి కల్లు తాగినవారు పైన ట్రమడాల్ వేసుకుంటే తమకు తెలియకుండానే ఈ ప్రమాదంలో పడతారు. ట్రమడాల్ మూర్ఛలు కూడా తెప్పించగలదు.

మందు మానేసి బయటపడిన వారికి ఇంకో గండం ఉంది. కొన్నాళ్ళ విరామంతో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ప్రాణాంతకం కావచ్చు. చికిత్సా కేంద్రం నుంచో జైలు నుంచో వచ్చిన తొలి వారాల్లో మరణాలు ఎక్కువ కావడానికి ఇదొక ముఖ్య కారణం.

అమెరికా అనుభవం

వైద్యుల చీటీల ద్వారానే ఒక దేశమంతా వ్యసనం పాకిన ఉదాహరణ అమెరికాది. పర్డ్యూ ఫార్మా తయారుచేసిన ఆక్సికాంటిన్‌కు 1995 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. 1996లో అది మార్కెట్లోకి వచ్చింది. అందులోని ఆక్సికోడోన్ 12 గంటలపాటు నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి దుర్వినియోగానికి అవకాశం తక్కువని భావిస్తున్నట్టు మందు వివరపత్రంలోనే రాశారు. మాత్రను నలిపితే మాత్రం మొత్తం మందు ఒకేసారి ఒంట్లోకి చేరేది.

వ్యసనం కలుగుతుందన్న వైద్యుల భయం పోగొట్టడానికి 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఐదు వాక్యాల లేఖను విస్తారంగా ఉదహరించారు. మత్తు కలిగించే నొప్పి మందులు పొందిన 11,882 మందిలో నలుగురికే వ్యసనం కలిగినట్టు అందులో ఉంది. అది ఆసుపత్రిలో చేరిన రోగుల లెక్క. ఇంటి దగ్గర నెలల తరబడి నడుము నొప్పికి మాత్రలు మింగేవారికి ఆ లెక్క వర్తించదు.

గనుల పనితో ఒళ్ళు దెబ్బతిన్న కార్మికులు ఎక్కువగా ఉండే వెస్ట్ వర్జీనియా, కెంటకీ తొలిదశలోనే తీవ్రంగా నష్టపోయాయి. మందు వల్ల వ్యసన ప్రమాదం తక్కువని తప్పుదారి పట్టించే ప్రచారం చేసినట్టు 2007లో పర్డ్యూ అనుబంధ సంస్థ నేరం ఒప్పుకుంది. 2010లో నలపడానికి కష్టమైన మాత్ర వచ్చింది. అప్పటికే అలవాటు పడినవారిలో చాలామంది చవగ్గా దొరికే హెరాయిన్‌కు మళ్ళారు. 2013 నుంచి మార్ఫిన్‌కన్నా 50 నుంచి 100 రెట్లు శక్తిగల ఫెంటనిల్ అక్రమ విపణిని ఆక్రమించింది. 2022లో ఓపియాయిడ్లవల్ల 80,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత మరణాలు తగ్గుముఖం పట్టాయి. పర్డ్యూ యజమానులైన సాక్లర్ కుటుంబానికి వ్యాజ్యాల నుంచి రక్షణ కల్పించే దివాలా ఒప్పందాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో తిరస్కరించింది.

భారతదేశంలో

ఇక్కడి సమస్య వేరే మందులతో, వేరే దారిలో పెరిగింది. చీటీ లేకుండా మందుల షాపులో అమ్మే ట్రమడాల్, కోడీన్ దగ్గు మందు, నరానికి ఎక్కించుకునే పెంటజోసిన్, బుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లు ఇందులో ముఖ్యమైనవి. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 2.06 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. ఔషధ రూపంలోని వాటిని వాడేవారు 0.96 శాతం, హెరాయిన్ వాడేవారు 1.14 శాతం.

2014 మార్చి నుంచి అమలైన హెచ్1 షెడ్యూలు ప్రకారం కోడీన్, ట్రమడాల్ వంటి మందుల అమ్మకాన్ని షాపులు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్ళు భద్రపరచాలి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. టాపెంటడాల్‌తో కండరాలను సడలించే కారిసోప్రొడాల్‌ను కలిపిన మాత్రలు భారత్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు వెళ్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో బీబీసీ బయటపెట్టాక, ఆ మిశ్రమం తయారీ, ఎగుమతి అనుమతులను కేంద్రం రద్దు చేసింది.

అత్యవసర సాయం, చికిత్స

అధిక మోతాదుకు విరుగుడు నాలోక్సోన్. అది గ్రాహకాల నుంచి మందును నెట్టేసి నిమిషాల్లో ఊపిరి తిరిగి వచ్చేలా చేస్తుంది. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది కనుక కోలుకున్నట్టు కనిపించినా రోగిని ఆసుపత్రికి చేర్చాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకున్నా ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్‌లతో పర్యవేక్షణలో చేసే చికిత్స మరణాలను తగ్గిస్తుంది. ఇవీ ఓపియాయిడ్లే. నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేస్తూ తహతహను అణిచిపెడతాయి. కౌన్సెలింగ్, కుటుంబ సహకారం దీనికి తోడు కావాలి. సహాయానికి జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446.

నియంత్రణ, నొప్పి నివారణ

కట్టడి మితిమీరినా నష్టమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం లైసెన్సుల చిక్కులకు జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడం మానేశాయి. తర్వాతి పుష్కర కాలంలో దేశంలో వైద్య అవసరాలకు మార్ఫిన్ వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది. కాన్సర్ రోగులు మందు ఉండీ అందక బాధపడ్డారు. 2014 సవరణ మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించి, దేశమంతటికీ ఒకే లైసెన్సు విధానం తెచ్చింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రి వంటి ఉపశమన చికిత్స కేంద్రాల్లో మార్ఫిన్ మాత్రలు రోగులకు పర్యవేక్షణలో అందుతున్నాయి. నొప్పిని కొలిచి మోతాదు నిర్ణయించడం, ఇచ్చిన ప్రతి మాత్రకూ లెక్క ఉంచడం, మిగిలినవి వెనక్కి తీసుకోవడం దుర్వినియోగాన్ని అడ్డుకుంటూనే రోగికి మందు అందించే పద్ధతులు.