ఇటలీ త్రిపక్ష విమానములు - వాని ప్రతిమలు

విమానమను మాట పుష్పకమునాటినుండియు మనకు పరిచితమే. కాని మానవుడు యంత్రబలముతో గాలిలోనికి లేచి నూరేండ్లకు పైబడి కొలదికాలమే యైనది. తొలినాటి శిల్పులకు విమానమునకు రెక్కలెన్ని యుండవలెనో నిశ్చయము లేకుండెను. రెక్క పొట్టిదైనచో బరువు మోయదు. మిక్కిలి పొడవైనచో విరుగును. అందుచే కొందఱు పొట్టి రెక్కలను ఒకదానిపై నొకటిగా మూడంతస్తులు నిలిపి, కఱ్ఱలతోను తీగెలతోను బిగించిరి. అట్టివి త్రిపక్ష విమానములు, ఆంగ్లమున ట్రైప్లేనులు.

ఇటలీ దేశమున ఈ పద్ధతికి ఆద్యుడు అరిస్టిడె ఫాచ్చోలి. 1899లో ఫియట్ సంస్థవారి మొదటి మోటారుకారును రూపొందించిన యింజనీరితడే. ఇతడు నిర్మించిన త్రిపక్షమును 1909లో ట్యూరిన్ నగర సమీపమున ఇతని కుమారుడు మారియో నడపెను. అది నేల విడిచి లేచినది, వెంటనే కూలినది. అయినను ఇటలీవారు స్వయముగా నిర్మించిన విమానముల చరిత్రకు అదియే తొలిపుట.

పిదప ప్రసిద్ధికెక్కినవాడు జాన్ని కప్రోని. మొదటి ప్రపంచయుద్ధపు తుదిభాగమున ఇతని మూడంతస్తుల బాంబరులు బయలుదేరినవి. రెక్కల వెడల్పు ఇంచుమించు 30 మీటర్లు. బ్రిటిషు నౌకాదళమువారు ఆఱింటిని తీసికొనియు, యుద్ధమున వాడకయే తిరిగి యిచ్చివేసిరి.

పాత చిత్రములలో వీనిని గుర్తించుట యెట్లు? మూడు ఇంజనులు, తోకవఱకు సాగిన రెండు సన్నని దేహములు కనబడినంతనే త్రిపక్షమని తలపరాదు. కప్రోని రెండంతస్తుల విమానములకును అవియే లక్షణములు. అమెరికాలో డేటన్ మ్యూజియమునందున్న సీ.ఏ. 36 అట్టిదే. కావున మొదట అంతస్తులు లెక్కింపవలెను. పిమ్మట క్రింది రెక్క నడుమ బాంబులుంచు పొడవైన పెట్టె కలదేమో చూడవలెను. ఈ రెండును కలిసినచో అది త్రిపక్ష బాంబరే.

పేర్ల చిక్కు మఱియొకటి. సైన్యము సీ.ఏ. 4 అనినదానినే సంస్థవారు తరువాత 40, 41, 42 అని విడదీసిరి. రీసర్వే జరిగిన గ్రామమున ఒకే చేనికి పాత నంబరొకటి, క్రొత్త నంబరొకటి యుండుట చదువరులెఱుగనిది కాదు. రెండింటిని సరిపోల్చనివాడు ఒక చేనిని రెండు చేలుగా లెక్కవేయును. విమాన చరిత్రయందును అదే ప్రమాదము.

యుద్ధానంతరము ఈ బాంబరునే ప్రయాణికుల విమానముగా మార్చి సీ.ఏ. 48 అనిరి. 1919 ఆగస్టు 2వ తేదీన వెరోనా వద్ద అది కూలి, అందున్నవారందఱును మరణించిరి. కప్రోని అంతటితో నిలువలేదు. మూడేసి రెక్కల వరుసలు మూడు, మొత్తము తొమ్మిది రెక్కలు, ఎనిమిది ఇంజనులతో నూఱుగురిని మోయదగిన జలవిమానమును నిర్మించెను. 1921 మార్చిలో అది మజ్జోరె సరస్సున పడి పగిలినది. దాని కొన్ని ముక్కలు మాత్రము ట్రెంటో నగరపు కప్రోని మ్యూజియము సేకరణయందు దక్కినవి. బాంబరులలో సంపూర్ణముగా నిలిచినదొక్కటియు లేదు.

భాసుని ప్రతిమానాటకమున భరతుడు ప్రతిమాగృహము ప్రవేశించి, గతించిన రాజుల ప్రతిమలే అందుంచుదురని విని, తండ్రి ప్రతిమను చూచి యాతని మరణము నెఱుగును. మ్యూజియములలోని ప్రతికృతులును అట్టివే. అసలు గతించినదని చెప్పుటకే అవి నిలిచియున్నవి. జర్మనీవారి ఫోకరు త్రిపక్షమును చూడుడు. అసలు యంత్రమొక్కటియు నేడు లేదు. లోకమున కనబడునవన్నియు ప్రతికృతులే. అసలుదాని ఇంజను ప్రొపెల్లరుతోపాటు తానును గిరగిర తిరుగునది. ఎగురు ప్రతికృతులు పెక్కింటికి కదలక నిలుచు ఇంజనే యుండును. తోకక్రింద కఱ్ఱ కమ్మికి మారుగా చక్రమున్నను క్రొత్త పనియని గ్రహింపవచ్చును.

ప్రతికృతి చేయుట దోషము కాదు. దానిని అసలని చెప్పుటయే దోషము. కూలిన యంత్రములలో ప్రాణములు విడిచినవారు నిజముగా జీవించినవారు. వారెక్కిన విమానమేదో, దాని పేరేదో తప్పు వ్రాసినచో వారి మరణమునకు సాక్ష్యమే చెడును. కావున మన గ్రంథాలయమున ఏ పుస్తకమునందు పాత విమానపు బొమ్మ కనబడినను, చదువరులు రెక్కలు లెక్కించి, బొమ్మ క్రింది అక్షరములను సైతము చదువుదురుగాక. అట్టి పఠనాభ్యాసమును ఇరువదియైదేండ్లుగా పెంచుచున్న ఈ సంస్థ చిరకాలము వర్ధిల్లుగాక.