సూది నునుపు వెనుక కథ

మన ఇళ్ళలో సూదికి లెక్కలేదు. పోతే ఇంకోటి కొంటాం. అయితే వేలికి జారిపోయేటంత నునుపు దానికి ఎక్కడిదని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. చరిత్ర పుస్తకాల్లో కత్తికి ఉన్న చోటు సూదికి లేదు మరి.

ఒకప్పుడు ఉమయ్యద్ ఖలీఫాలకు రాజధానిగా వెలిగిన కార్దొబా నగరం తరువాతి రోజుల్లో సూదులకు పేరుపొందింది. 1605లో వచ్చిన సెర్వాంటిస్ నవల "డాన్ క్విక్సోట్"లో కూడా అక్కడి పోత్రో పేటలోని సూదులవాళ్ళ ప్రస్తావన ఉంది. ఇంగ్లీషువాళ్ళు మంచి సూదిని "స్పానిష్ సూది" అనేవారు. మేరీ రాణి కాలంలో లండను చీప్‌సైడ్ వీధిలో ఒక నల్లజాతి పనివాడు అలాంటి సూదులు చేసేవాడనీ, ఆ విద్య ఎవరికీ నేర్పలేదనీ పాత లండను చరిత్రలు చెబుతాయి. పాఠాలు చెప్పి బతికే నాబోటివాడికి ఈ సంగతి కొంచెం బాధగానే ఉంటుంది. కాని పరాయి దేశంలో అతని కూడు ఆ రహస్యమే కదా! చివరికి 1566 ప్రాంతంలో ఎలియాస్ క్రౌజ్ అనే జర్మను వచ్చి ఆ పని నేర్పాడు.

తరువాత ఈ పనికి కేంద్రం రెడ్డిచ్ అనే ఊరు. తీగను ముక్కలు చేసి, మొనలు తీసి, బెజ్జం కొట్టి, కాల్చి గట్టిపరిచేసరికి సూది నల్లగా, గరుకుగా తయారవుతుంది. అలాంటి సూదితో కుడితే గుడ్డ పట్టేస్తుంది, దారం తెగుతుంది. అంచేత వేలకొద్దీ సూదులను కాన్వాసు గుడ్డలో పేర్చి, మెత్తని సబ్బూ కురువింద పొడీ కలిపి, తాళ్ళతో చుట్టలుగా బిగించేవారు. ఆ చుట్టలను బరువైన పలకల కింద పెడితే నీటిచక్రం వాటిని గంటల తరబడి ముందుకూ వెనక్కూ దొర్లించేది. విప్పడం, కడగడం, కొత్త పొడి వేసి మళ్ళీ కట్టడం - ఇలా రోజులు పట్టేది. ఆఖరున తగరపు భస్మంతో మెరుగు. సూదులు ఒకదానినొకటి రాసుకునే నునుపెక్కుతాయన్నమాట! బెజ్జం లోపలి అంచు మాత్రం దీనికి లొంగదు. సూదులను నూనె, కురువిందం పూసిన తీగకు గుచ్చి ఊపేవారు.

అన్నిటికన్నా గడ్డు పని మొన తీయడం. పొడి సానరాయి మీద మొన పెడుతుంటే రాతిపొడి, ఉక్కురజను ఊపిరితిత్తుల్లోకి పోయేవి. చాలామంది నడివయసు చూడకుండానే పోయేవారు. 1820ల్లో షెఫీల్డులో జె.హెచ్. ఏబ్రహామ్ ఉక్కురజను పట్టే అయస్కాంతపు ముసుగు తయారుచేశాడు. పనివాళ్ళు దాన్ని తొడుక్కోలేదు. ప్రాణాపాయం ఉన్న పని గనుకనే కూలి ఎక్కువ. అపాయం పోతే కూలీ పోతుందని వాళ్ళ భయం. మూర్ఖులనకండి. మన పాతబస్తీలో కార్చోబు మీద వంగి, కళ్ళు పాడుచేసుకుని జర్దోజీ కుట్టేవాడిని అడిగితే ఆ లెక్క చెబుతాడు. దుమ్మును లాగే పంకాలను కూడా రెడ్డిచ్ పనివాళ్ళు మొదట్లో ఎదిరించారు.

అక్కడి ఫోర్జ్ మిల్లు 1730లో సూదుల మెరుగు పనికి మారింది. 1958లో ఆగిపోయింది. 1983 నుంచి అది మ్యూజియం.