మూడు పెన్నీల మురుగు పన్ను

1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక లండనులోని పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వ్రేలాడదీశారు. ఇళ్ళలో నీటి మరుగుదొడ్లు పెరిగి, మలకూపాలు మూసివేసి, సర్వమూ నదిలోకి మళ్ళించిన ఫలమది.

మురుగును నదిలో పడనీయక, ఒడ్డు వెంబడి పెద్ద కాలువలతో ఊరి దిగువకు చేర్చే పథకాన్ని ఇంజనీరు బాజల్గెట్ 1856లోనే సిద్ధం చేశాడు. కానీ 1855లో ఏర్పడిన మెట్రోపాలిటన్ బోర్డు ప్రభుత్వ ఆమోదం లేనిదే పెద్ద పనులకు పూనుకోరాదు. మురుగును ఎక్కడ వదలాలన్న వాదులాటలోనే రెండేళ్ళు గడిచాయి.

ఏలినవారి ముక్కుకే సోకాక గాని కదలిక రాలేదు! జులైలో డిస్రేలీ ప్రవేశపెట్టిన బిల్లు ఆగస్టు 2కల్లా చట్టమైంది. ప్రభుత్వపు అడ్డు తొలగింది. బోర్డు 30 లక్షల పౌన్లు అప్పు చేయవచ్చు. తీర్చడానికి నగరవాసులపై 40 ఏళ్ళ పన్ను, ఆస్తి వార్షిక విలువలో పౌనుకు 3 పెన్నీలు. నాటి పౌనుకు 240 పెన్నీలు గనుక ఎనభయ్యో వంతన్నమాట. కాలువల ఇటుక పనిని అందరూ పొగడుతారు గాని, నాకు ఈ పద్దే గొప్పగా తోస్తుంది. తరువాతి తరం వాడుకొనేదానికి ఆ తరమూ కొంత చెల్లించింది.

1866లో కలరా మళ్ళీ వచ్చి, ముఖ్యంగా కొత్త కాలువలింకా పనిచేయని తూర్పు లండనులోనే వేలమందిని బలిగొన్నది.

అయితే ఆ పద్దులో శుద్ధికి చోటు లేదు. పచ్చి మురుగు దిగువన బార్కింగ్, క్రాస్‌నెస్‌ల వద్ద నదిలోనే కలిసేది. 1887 నుండి మడ్డిని వేరుచేసి ఓడలలో సముద్రానికి తరలించారు. ఆ ఓడలు 1998 దాకా నడిచాయి.